ఎస్7-1200 పీఎల్‌సీకి టీఐఏ పోర్టల్‌లో మొదటి ప్రాజెక్టు: పెట్టె విప్పిన దగ్గర్నుంచి మోటార్ తిరిగేదాకా

"లాప్‌టాప్‌కు సీపీయూ కనిపించడం లేదు." "డౌన్‌లోడ్ అయింది గానీ అవుట్‌పుట్ రావడం లేదు." "కరెంటు పోయి వచ్చాక పీఎల్‌సీ స్టాప్‌లోనే ఉండిపోయింది." సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీ (యంత్రాలను ప్రోగ్రాంతో నడిపించే కంట్రోలర్) కొత్తగా పట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఈ మూడే. ల్యాడర్ (కాంటాక్టులు, కాయిళ్ల గుర్తులతో గీసే ప్రోగ్రాం) తిరగరాసినంత మాత్రాన వీటిలో ఒక్కటీ తీరదు. మూడూ ప్రాజెక్టు పెట్టేటప్పుడు, వైరింగ్ చేసేటప్పుడు చూడకుండా వదిలేసిన చిన్న చిన్న విషయాల వల్ల వచ్చేవే. అందుకే ఇక్కడ ప్రోగ్రాం కంటే దానికి ముందు చేయాల్సిన పనుల గురించే ఎక్కువ ఉంటుంది.

ఉదాహరణకు అందరికీ తెలిసిన పని తీసుకుందాం: సంప్ నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లెక్కించే మోటార్. సీపీయూ (పీఎల్‌సీ ప్రధాన యూనిట్) 1214సీ, డీసీ/డీసీ/డీసీ రకం, అంటే సప్లై, ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు మూడూ డీసీ. మీ దగ్గర 1212సీ గానీ 1215సీ గానీ ఉన్నా దశలు ఇవే, ఇన్‌పుట్ అవుట్‌పుట్ల లెక్క లాంటివి మారతాయి.

ఏమేం కావాలి

- సీపీయూ 1214సీ డీసీ/డీసీ/డీసీ. ఆర్డర్ నంబర్ 6ఈఎస్7 214-1ఏజీ40-0ఎక్స్‌బీ0. 14 డిజిటల్ ఇన్‌పుట్లు, 10 డిజిటల్ అవుట్‌పుట్లు, 0–10 వోల్టుల అనలాగ్ ఇన్‌పుట్లు 2 ఉంటాయి.
- 24 వోల్టుల డీసీ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). ఒక్క సీపీయూకు అర ఆంపియర్, మాడ్యూళ్లన్నీ పెడితే ఒకటిన్నర ఆంపియర్ దాకా పడుతుంది. రిలేలు, దీపాలు కూడా కలిపితే 5 ఆంపియర్లది తీసుకోవడం మంచిది.
- మామూలు నెట్‌వర్క్ కేబుల్. క్రాస్ కేబుల్ అక్కర్లేదు.
- 24 వోల్టుల డీసీ కాయిల్ రిలే, కాయిల్‌కు డయోడ్ ఉన్నది.
- టీఐఏ పోర్టల్ (ఈ పీఎల్‌సీకి ప్రోగ్రాం రాసే సీమెన్స్ సాఫ్ట్‌వేర్) ఉన్న లాప్‌టాప్. ఎస్7-1200కు అందులో స్టెప్ 7 బేసిక్ ఎడిషన్ సరిపోతుంది, ప్రొఫెషనల్ కొననవసరం లేదు. నేర్చుకోవడానికైతే 21 రోజుల ట్రయల్ వస్తుంది. ర్యామ్ 16 జీబీ, ఎస్ఎస్‌డీ ఉండాలి. 8 జీబీతో తెరుచుకుంటుంది గానీ కంపైల్ కొట్టిన ప్రతిసారీ కూర్చుని చూడాల్సి వస్తుంది.
- మల్టీమీటర్. ఇది లేకుండా మొదలుపెట్టకండి.

వర్షన్ సంగతి ముందే తేల్చుకోండి. సీపీయూ ఫర్మ్‌వేర్ 4.4కు టీఐఏ వీ16, 4.5కు వీ17, 4.6కు వీ18 ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్ పాతదై సీపీయూ కొత్తదైతే కంగారు వద్దు. ప్రాజెక్టులో ఒక మెట్టు తక్కువ ఫర్మ్‌వేర్ ఎంచుకుంటే మామూలుగా ఒప్పుకుంటుంది. దీనికి ఉల్టా మాత్రం కుదరదు: సీపీయూలో 4.2 ఉండి ప్రాజెక్టులో 4.4 పెడితే డౌన్‌లోడ్ దగ్గరే ఆగిపోతుంది.

దశ 1. పవర్ ఇవ్వకముందు వైరింగ్

డీసీ/డీసీ/డీసీ సీపీయూలో 24 వోల్టులు రెండు చోట్ల ఇవ్వాలి. పైన ఎల్+, ఎం టెర్మినల్స్ సీపీయూ కోసం. కింద అవుట్‌పుట్ వరసలో ఉన్న 3ఎల్+, 3ఎం అవుట్‌పుట్ల కోసం. ఈ రెండోది మరిచిపోతే ప్రోగ్రాంలో అవుట్‌పుట్ ఆన్, సీపీయూ మీద అవుట్‌పుట్ దీపం కూడా ఆన్, మీటర్ పెడితే మాత్రం సున్నా. "అవుట్‌పుట్ రావడం లేదు" అన్నవాళ్లను మొదట అడగాల్సింది 3ఎల్+ దగ్గర ఎంత వోల్టేజీ ఉందనే.

ఇన్‌పుట్ల వైపు 1ఎం అని కామన్ ఉంటుంది. పుష్ బటన్లు, పీఎన్‌పీ సెన్సార్లు (పనిచేసినప్పుడు +24 ఇచ్చేవి) వాడితే 1ఎంను 0 వోల్టులకు కలిపి, బటన్ల ద్వారా +24 తెచ్చి ఇన్‌పుట్‌కు ఇవ్వండి. ఎన్‌పీఎన్ సెన్సార్లయితే (పనిచేసినప్పుడు 0 వోల్టులకు కలిపేవి) 1ఎంకు +24 ఇవ్వాలి. 1214సీలో 14 ఇన్‌పుట్లకూ ఇదొక్కటే కామన్ కాబట్టి ఒకే సీపీయూ మీద పీఎన్‌పీ, ఎన్‌పీఎన్ కలిపి పెట్టలేరు. సెన్సార్లు కొనేముందే ఏదో ఒకటి ఖాయం చేసుకోండి.

ఒక్కో అవుట్‌పుట్ అర ఆంపియర్ మాత్రమే మోస్తుంది, అదీ 24 వోల్టుల డీసీ. 230 వోల్టుల కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌ను దీనికి నేరుగా తగిలిస్తే అవుట్‌పుట్ కాలిపోతుంది. మధ్యలో రిలే పెట్టి, రిలే కాంటాక్ట్ ద్వారా కాంటాక్టర్ కాయిల్‌కు ఇవ్వండి.

హెచ్చరిక: ఎమర్జెన్సీ స్టాప్‌ను కేవలం పీఎల్‌సీ ఇన్‌పుట్‌గా పెట్టి వదిలేయకండి. దాని కాంటాక్ట్ కాంటాక్టర్ కాయిల్ లైన్‌ను నేరుగా తెంచాలి. ప్రోగ్రాంకు తెలియడానికి రెండో కాంటాక్ట్ ఒకటి ఇన్‌పుట్‌కు ఇచ్చుకోండి. ప్రోగ్రాం ఆగిపోయినా, అవుట్‌పుట్ అతుక్కుపోయినా, బటన్ నొక్కితే మోటార్ ఆగి తీరాలి.

దశ 2. లాప్‌టాప్ ఐపీ

కొత్త సీపీయూకు ఐపీ ఉండదు, 0.0.0.0 అని చూపిస్తుంది. అందుకే మొదట్లో పింగ్ కొట్టి "రావడం లేదు" అనుకోవద్దు, రాదు. లాప్‌టాప్ వైర్డ్ నెట్‌వర్క్ కార్డుకు 192.168.0.50, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. గేట్‌వే ఖాళీగా వదిలేయండి. వైఫై ఆపేయండి. ఇంటి రూటర్ కూడా 192.168.0 వరసలోనే ఉంటే లాప్‌టాప్ ఏ దారిన వెళ్లాలో తేల్చుకోలేదు.

దశ 3. ప్రాజెక్టు, సీపీయూ

"క్రియేట్ న్యూ ప్రాజెక్ట్" నొక్కి పేరు, ఫోల్డర్ ఇవ్వండి. ఫోల్డర్ సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో ఉండాలి. వన్‌డ్రైవ్ లాంటి క్లౌడ్ ఫోల్డర్‌లో, పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్టు పెట్టకండి. టీఐఏ ప్రాజెక్టు ఒక్క ఫైలు కాదు, పెద్ద ఫోల్డర్. మధ్యలో ఒక్క ఫైలు చెడినా మొత్తం తెరుచుకోదు.

తర్వాత "యాడ్ న్యూ డివైస్", అందులో "కంట్రోలర్స్", "సిమాటిక్ ఎస్7-1200", "సీపీయూ", "సీపీయూ 1214సీ డీసీ/డీసీ/డీసీ". ఇక్కడ పేరు చూసి కాదు, సీపీయూ మీదున్న ఆర్డర్ నంబర్ చూసి ఎంచుకోండి. 1ఏజీ40 అంటే డీసీ/డీసీ/డీసీ, 1బీజీ40 అంటే ఏసీ సప్లైతో రిలే అవుట్‌పుట్, 1హెచ్‌జీ40 అంటే డీసీ సప్లైతో రిలే అవుట్‌పుట్. మూడూ పక్కపక్కనే ఉంటాయి, మూడూ 1214సీనే. తేడా పడితే డౌన్‌లోడ్ ఒప్పుకోదు. కింద ఫర్మ్‌వేర్ వర్షన్ పెట్టె కూడా చూసి మార్చండి. అది ఎప్పుడూ అన్నిటికన్నా కొత్తది చూపిస్తుంది.

ఇంకో దారి: ఏ మాడ్యూల్ ఏదో తెలియని పాత ప్యానెల్ అయితే "అన్‌స్పెసిఫైడ్ సీపీయూ 1200" ఎంచుకుని, డివైస్ వ్యూలో "డిటెక్ట్" నొక్కండి. సీపీయూ, పక్కనున్న మాడ్యూళ్లు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఒకటి గుర్తుంచుకోండి: హార్డ్‌వేర్ వస్తుంది గానీ ఐపీ, ఇతర సెట్టింగులు రావు.

వీ17 నుంచి, ఫర్మ్‌వేర్ 4.5 ఆపైన ఎంచుకుంటే సెక్యూరిటీ విజార్డ్ తెరుచుకుంటుంది. చదవకుండా "నెక్స్ట్" కొట్టేసేవాళ్లే తర్వాత ఇబ్బంది పడతారు. అందులో మూడు విషయాలున్నాయి. మొదటిది, రహస్య సమాచారం కాపాడే పాస్‌వర్డ్: ప్రాజెక్టులోది, సీపీయూలోది ఒకటే కావాలి, లేకపోతే సీపీయూ రన్‌లోకి రాదు. పెడితే కాగితం మీద రాసి ప్యానెల్ డాక్యుమెంట్లలో దాచండి. రెండోది, సురక్షిత కమ్యూనికేషన్ మాత్రమేనా అన్నది: పాత హెచ్ఎంఐ (ఆపరేటర్ స్క్రీన్) ఉంటే "సురక్షితం మాత్రమే" అనే టిక్ తీసేయాలి. మూడోది యాక్సెస్ లెవెల్: ముందుగా "నో యాక్సెస్" అని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే హెచ్ఎంఐ కనెక్ట్ కాదు. బల్ల మీద నేర్చుకునేటప్పుడు "ఫుల్ యాక్సెస్" పెట్టుకోండి, ఫ్యాక్టరీలో పెట్టేముందు తప్పకుండా బిగించండి.

దశ 4. సీపీయూ ప్రాపర్టీస్

డివైస్ వ్యూలో సీపీయూ మీద నొక్కితే కింద ప్రాపర్టీస్ వస్తాయి. ఈ అయిదూ చూడకుండా ముందుకు వెళ్లకండి.

ఐపీ: "ప్రొఫినెట్ ఇంటర్‌ఫేస్", "ఈథర్నెట్ అడ్రసెస్". 192.168.0.1 అని ముందే ఉంటుంది. ప్లాంటులో ఇంకో పీఎల్‌సీ ఉంటే అది కూడా దాదాపుగా 192.168.0.1 మీదే ఉంటుంది. అందుకే 192.168.0.10 లాంటిది ఇచ్చుకోండి.

స్టార్టప్: ఎస్7-1200 మీద రన్/స్టాప్ స్విచ్ ఉండదు. కరెంటు వచ్చాక ఏం చేయాలో ఈ సెట్టింగే చెబుతుంది. ముందుగా ఉండేది "కరెంటు పోకముందున్న స్థితి". అంటే ఎవరో లాప్‌టాప్‌తో స్టాప్‌లో పెట్టి మరిచి వెళ్లారనుకోండి, ప్యానెల్ పదిసార్లు ఆపి ఆన్ చేసినా స్టాప్‌లోనే ఉంటుంది. రాత్రి షిఫ్టులో లాప్‌టాప్ లేని ఆపరేటర్ ఏమీ చేయలేడు. "వార్మ్ రీస్టార్ట్ - రన్" అని మార్చండి. అయితే కరెంటు రాగానే యంత్రం తనంతట తాను కదలకుండా ప్రోగ్రాంలో చూసుకోవాల్సిన బాధ్యత మీదే.

సిస్టమ్, క్లాక్ మెమొరీ: రెండింటికీ టిక్ పెట్టండి. ఎం అంటే సీపీయూ లోపలి మెమొరీ. ఎంబీ1 సిస్టమ్ బైట్, ఎంబీ0 క్లాక్ బైట్ అవుతాయి. ఎం1.0 మొదటి స్కాన్‌లో (ప్రోగ్రాం మొదటిసారి తిరిగినప్పుడు) మాత్రమే ఆన్, ఎం1.2 ఎప్పుడూ ఆన్, ఎం0.5 సెకనుకోసారి మినుకుతుంది. ఇక ఎం0, ఎం1 బైట్లను మీ సొంత పనులకు వాడకండి, మీ బిట్లు ఎం10 నుంచి మొదలుపెట్టండి. "నా బిట్ దానంతటదే ఆన్ ఆఫ్ అవుతోంది" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

టైమ్: టైమ్ జోన్ యూరప్‌ది ఉంటుంది. యూటీసీ +05:30, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అన్నది ఎంచుకుని, డేలైట్ సేవింగ్ టిక్ తీసేయండి. లేకపోతే ట్రిప్ ఎప్పుడైందో డయాగ్నస్టిక్ బఫర్‌లో (సీపీయూ రాసుకునే ఘటనల చిట్టా) చూసినప్పుడు గంటల తేడా కనబడి అందరినీ తప్పుదారి పట్టిస్తుంది.

పుట్/గెట్ (బయటి పరికరం సీపీయూ డేటాను రాయడం, చదవడం): వేరే కంపెనీ హెచ్ఎంఐ గానీ స్కాడా (కంప్యూటర్‌లో ప్లాంటును గమనించే సాఫ్ట్‌వేర్) గానీ కలపాలంటే "ప్రొటెక్షన్" కింద పుట్/గెట్ అనుమతి టిక్ పెట్టాలి. వాళ్లు చదివే డేటా బ్లాక్‌లో "ఆప్టిమైజ్డ్ బ్లాక్ యాక్సెస్" తీసేయాలి. అవసరం లేకపోతే రెండింటినీ ముట్టుకోకండి.

దశ 5. ట్యాగ్‌లు

ట్యాగ్ అంటే అడ్రస్‌కు పెట్టే పేరు; అడ్రస్‌లో ఐ ఇన్‌పుట్, క్యూ అవుట్‌పుట్. "పీఎల్‌సీ ట్యాగ్స్"లో ముందే అన్నీ రాసుకోండి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, స్పేస్ బదులు అండర్‌స్కోర్‌తో ఇస్తే మీ తర్వాత వచ్చినవాళ్లకు తేలిక.

- ఐ0.0 స్టార్ట్ బటన్, ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది)
- ఐ0.1 స్టాప్ బటన్, ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండేది)
- ఐ0.2 ఓవర్‌లోడ్ రిలే 95-96 కాంటాక్ట్, ఎన్‌సీ
- ఐ0.3 సంప్ ఫ్లోట్, నీళ్లుంటే మూసుకునేది
- ఐ0.4 ట్యాంక్ ఫ్లోట్, నిండితే తెరుచుకునేది
- ఐ0.5 కాంటాక్టర్ సహాయక ఎన్‌ఓ కాంటాక్ట్, ఫీడ్‌బ్యాక్ కోసం
- ఐ0.6 రీసెట్ బటన్, ఎన్‌ఓ
- క్యూ0.0 మోటార్ రిలే
- క్యూ0.1 ఫాల్ట్ దీపం
- ఎం10.0 కాంటాక్టర్ ఫాల్ట్

ఆపాల్సినవన్నీ, అంటే స్టాప్, ఓవర్‌లోడ్, ఫ్లోట్లు, మామూలు స్థితిలో ఇన్‌పుట్‌కు 24 వోల్టులు ఇచ్చేలా పెట్టాం చూడండి. ఎలుక వైరు కొరికినా, టెర్మినల్ వదులైనా ఆ ఇన్‌పుట్ పడిపోయి మోటార్ ఆగుతుంది. స్టాప్‌ను ఎన్‌ఓ పెడితే తెగిన వైరు సంగతి ఆపాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది.

దశ 6. ప్రోగ్రాం

"ప్రోగ్రాం బ్లాక్స్"లో ఓబీ1 (ప్రతి స్కాన్‌లో నడిచే ప్రధాన బ్లాక్) తెరవండి.

నెట్‌వర్క్ 1: స్టార్ట్‌కు సమాంతరంగా క్యూ0.0 కాంటాక్ట్. తర్వాత వరసగా స్టాప్, ఓవర్‌లోడ్, సంప్ ఫ్లోట్, ట్యాంక్ ఫ్లోట్, నాలుగూ ఎన్‌ఓ గుర్తుతోనే. ఆపైన ఎం10.0 ఎన్‌సీ గుర్తుతో. చివర క్యూ0.0 కాయిల్.

ఇక్కడే అందరూ పొరబడతారు. బయట స్టాప్ బటన్ ఎన్‌సీ కదా అని ల్యాడర్‌లో కూడా ఎన్‌సీ గుర్తు వేస్తే మోటార్ స్టార్ట్ కాదు. ల్యాడర్‌లో గుర్తు అడిగేది బటన్ రకం గురించి కాదు, ఇన్‌పుట్‌కు 24 వోల్టులు వస్తున్నాయా లేదా అని. మామూలుగా వస్తున్నాయి, కాబట్టి ఎన్‌ఓ గుర్తు.

నెట్‌వర్క్ 2: క్యూ0.0 ఎన్‌ఓ, ఐ0.5 ఎన్‌సీ, వాటి తర్వాత టాన్ (ఆలస్యంగా ఆన్ అయ్యే) టైమర్ 2 సెకన్లు, టైమర్ అవుట్‌పుట్‌తో ఎం10.0 సెట్. మోటార్‌కు ఆజ్ఞ ఇచ్చాం, రెండు సెకన్లయినా కాంటాక్టర్ పట్టలేదంటే ఫాల్ట్. టైమర్ పెట్టగానే డేటా బ్లాక్ పేరు అడుగుతుంది, ఒప్పుకోండి. రెండో టైమర్‌కు రెండో బ్లాక్ ఇవ్వాలి. కాపీ పేస్ట్ చేసినప్పుడు పాత బ్లాకే రెండు టైమర్లకూ ఉండిపోతే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

నెట్‌వర్క్ 3: ఐ0.6తో ఎం10.0 రీసెట్. నెట్‌వర్క్ 4: ఎం10.0తో గానీ, ఓవర్‌లోడ్ ఎన్‌సీ గుర్తుతో గానీ క్యూ0.1.

క్యూ0.0 కాయిల్ ప్రోగ్రాం మొత్తంలో ఒక్కచోటే ఉండాలి. ఆటోకు ఒకటి, మాన్యువల్‌కు ఒకటి అని రెండు చోట్ల వేస్తే చివర ఉన్నదే చెల్లుతుంది. ఎక్కడెక్కడ వాడారో "క్రాస్ రిఫరెన్స్" చూపిస్తుంది.

లెవెల్ ట్రాన్స్‌మిటర్ పెట్టాలనుకుంటే, మొదటి అనలాగ్ ఇన్‌పుట్ ఐడబ్ల్యూ64. 0–10 వోల్టులకు 0 నుంచి 27648 వస్తుంది. నార్మ్_ఎక్స్, ఆ తర్వాత స్కేల్_ఎక్స్ ఇన్‌స్ట్రక్షన్లు వేసి మీటర్లలోకి మార్చండి. 4–20 మిల్లీఆంపియర్ల ట్రాన్స్‌మిటర్‌ను సీపీయూ నేరుగా చదవలేదు. 500 ఓమ్‌ల కచ్చితమైన రెసిస్టర్ అడ్డంగా పెడితే 2–10 వోల్టులవుతుంది, అప్పుడు కింది హద్దు 0 కాదు, 5530. లేదంటే ఎస్ఎం 1231 అనలాగ్ ఇన్‌పుట్ మాడ్యూల్ పెట్టుకోండి, ప్లాంటులో అదే నయం.

దశ 7. కంపైల్, డౌన్‌లోడ్

సీపీయూ పేరు మీద కుడి క్లిక్, "కంపైల్", "హార్డ్‌వేర్ అండ్ సాఫ్ట్‌వేర్". ఎర్రర్లు సున్నా కావాలి. వార్నింగులు ఒకసారి చదవండి.

"డౌన్‌లోడ్ టు డివైస్" నొక్కితే వచ్చే కిటికీలో ఇంటర్‌ఫేస్ రకం పీఎన్/ఐఈ, కింద మీ వైర్డ్ నెట్‌వర్క్ కార్డు పేరు. "స్టార్ట్ సెర్చ్". ఐపీ లేని కొత్త సీపీయూ మ్యాక్ అడ్రస్‌తో కనిపిస్తుంది, సీపీయూ మీద అచ్చయిన దానితో పోల్చుకోండి. "ఫ్లాష్ ఎల్ఈడీ" టిక్ పెడితే ఆ సీపీయూ దీపాలు మినుకుతాయి. ఒకే స్విచ్ మీద రెండు మూడు పీఎల్‌సీలుంటే ఇది చేయకుండా డౌన్‌లోడ్ నొక్కకండి, పక్క లైను ఆగిపోతుంది.

ఏమీ కనిపించకపోతే ఈ వరసలో చూడండి: పోర్టు దగ్గర లింక్ దీపం వెలిగిందా, ఎంచుకున్న కార్డు వైఫైదో వర్చువల్ మెషీన్‌దో కాదు కదా, మధ్యలో రూటర్ ఉందా (ఈ వెతుకులాట రూటర్ దాటదు, స్విచ్ అయితే ఫరవాలేదు), విండోస్ ఫైర్‌వాల్ గానీ ఆఫీసు యాంటీవైరస్ గానీ అడ్డుకుంటోందా.

లాప్‌టాప్‌కు ఇంకో ఐపీ జతచేయనా అని అడిగితే ఒప్పుకోండి. ప్రివ్యూలో "స్టాప్ ఆల్", చివర "స్టార్ట్ మాడ్యూల్" ఎంచుకోండి.

హెచ్చరిక: హార్డ్‌వేర్ సెట్టింగ్ ఏది మార్చినా డౌన్‌లోడ్‌కు సీపీయూ ఆగాలి. నడుస్తున్న ప్లాంటులో ఐతే ప్రొడక్షన్ వాళ్లకు చెప్పి, వాళ్లు సరేనన్నాకే నొక్కండి.

సీపీయూ చేతిలో లేకపోతే పీఎల్‌సీ సిమ్ అనే సిమ్యులేటర్‌లో ఇదే ప్రోగ్రాం వేసి ఇన్‌పుట్లు మార్చి చూడొచ్చు. కంపైల్ తప్పులు, లాజిక్ తప్పులు అక్కడే దొరుకుతాయి. 3ఎల్+ మరిచిపోయిన సంగతి మాత్రం సిమ్యులేటర్ చెప్పలేదు.

దశ 8. సరిగ్గా ఉందా అని చూడటం

సీపీయూ మీద రన్ దీపం పచ్చగా ఉండాలి, ఎర్రర్ దీపం వెలగకూడదు. పసుపు అంటే స్టాప్. ఎర్రర్ మినుకుతుంటే "ఆన్‌లైన్ అండ్ డయాగ్నస్టిక్స్"లో డయాగ్నస్టిక్ బఫర్ తెరవండి. ప్రాజెక్టులో ఉన్న మాడ్యూల్ ప్యానెల్‌లో లేకపోవడం, మాడ్యూల్‌కు 24 వోల్టులు అందకపోవడం ఎక్కువగా కనిపించే కారణాలు. గడియారం కూడా అక్కడే "సెట్ టైమ్"లో లాప్‌టాప్ నుంచి తీసుకోండి. బ్యాటరీ ఉండదు కాబట్టి నెలలు తరబడి ఆపేసిన ప్యానెల్‌లో టైమ్ పోతుంది.

"గో ఆన్‌లైన్" నొక్కితే ప్రాజెక్టు చెట్టులో అన్నీ పచ్చ గుండ్రాలు రావాలి. సగం నీలం సగం నారింజ అంటే లాప్‌టాప్‌లోది, సీపీయూలోది వేర్వేరు. ఓబీ1లో కళ్లద్దాల గుర్తు నొక్కండి: పచ్చ గీత అంటే దారి ఉంది, నీలి చుక్కల గీత అంటే లేదు. ఎక్కడ పచ్చ ఆగిందో అక్కడే మీ సమస్య.

మోటార్ పవర్ ఎంసీబీ ఆపి, కంట్రోల్ సప్లై మాత్రం ఉంచి ఒక్కొక్కటే పరీక్షించండి. స్టార్ట్ నొక్కితే కాంటాక్టర్ పట్టాలి, వదిలినా పట్టే ఉండాలి. స్టాప్ నొక్కితే వదలాలి. ఓవర్‌లోడ్ టెస్ట్ మీట నొక్కండి. ఫ్లోట్లు చేత్తో ఎత్తి దించండి. స్టాప్ బటన్ వైరు ఒకటి ఊడదీసి చూడండి, కాంటాక్టర్ వదలాలి. ఫీడ్‌బ్యాక్ వైరు తీస్తే రెండు సెకన్లకు ఫాల్ట్ దీపం వెలగాలి. చివరగా కాంటాక్టర్ పట్టి ఉండగా ప్యానెల్ సప్లై ఆపి మళ్లీ ఇవ్వండి: సీపీయూ రన్‌లోకి రావాలి, కాంటాక్టర్ మాత్రం స్టార్ట్ నొక్కేదాకా పట్టకూడదు.

పరీక్షల్లో "ఫోర్స్" (ఇన్‌పుట్‌కో అవుట్‌పుట్‌కో బలవంతంగా విలువ ఇవ్వడం) వాడారా? అది లాప్‌టాప్ తీసేసినా సీపీయూలో ఉండిపోతుంది. మెయింట్ దీపం పసుపుగా వెలుగుతుంటే ఎక్కడో ఫోర్స్ మిగిలిందేమో చూసి తీసేయండి.

దశ 9. బ్యాకప్

"ప్రాజెక్ట్" మెనూలో "ఆర్కైవ్" చేస్తే ఒకే ఫైలు వస్తుంది. దాని పేరులో తేదీ, టీఐఏ వర్షన్ రాసి రెండు చోట్ల పెట్టండి. పాత ప్రాజెక్టును కొత్త వర్షన్‌లో తెరిస్తే అప్‌గ్రేడ్ అవుతుంది, మళ్లీ పాత దాంట్లో తెరుచుకోదు. కస్టమర్ దగ్గర వీ16 ఉంటే మీరు వీ18లో చేసి ఇచ్చిన ప్రాజెక్టు వాళ్లకు పనికిరాదు, అందుకే మొదలుపెట్టేముందే వాళ్ల వర్షన్ అడగండి.

ప్రోగ్రాం నిలవడానికి మెమొరీ కార్డు తప్పనిసరి కాదు, సీపీయూలోనే ఉంటుంది. కార్డు వాడితే మాత్రం సీమెన్స్ కార్డే వాడండి, దాన్ని విండోస్‌లో ఫార్మాట్ చేయకండి, చేస్తే సీపీయూ ఇక దాన్ని గుర్తించదు.